శాసనము చెప్పని సంగతి – ఓరుగంటి చెఱువుల పునరుద్ధరణము

ఓరుగంటి సీమలో పాత చెఱువుల కట్టలమీద నడచువారికి రెండు విధములైన వ్రాతలు కానవచ్చుచుండును. ఒకటి కాకతీయుల నాటి శిలాశాసనము. రెండవది ఈ పదియేండ్లలో నాటిన ప్రభుత్వపు పలక. మొదటిదానిలో చెఱువు కట్టించిన ప్రభువు వంశము, బిరుదములు, శకసంవత్సరము, తిథివారములు నుండును. రెండవదానిలో పని పేరు, మంజూరైన మొత్తము, గుత్తేదారు పేరు, ప్రారంభోత్సవము చేసిన పెద్దల పేర్లు నుండును. కాలము మాఱినది, లిపి మాఱినది, రాతికి బదులు రేకు వచ్చినది. అయినను ఈ రెంటికిని సామాన్యమైన లక్షణ మొకటి కలదు. పని ఎవరు చేయించిరో, ఎప్పుడు చేయించిరో రెండును చెప్పును. ఆ చెఱువు మఱుసటి యేడు నిండెనా, నిండిన నీరు ఆయకట్టులోని కడపటి మడివఱకు పాఱెనా, ఇరువది యేండ్ల తరువాత దాని తూము తెఱచుటకును మూయుటకును వీలుగా నున్నదా అను సంగతి రెండును చెప్పవు.

చరిత్ర చదువువారి కీ లోపము క్రొత్తది కాదు. శాసనములోని ప్రశస్తిని యథాతథముగా నమ్మి రాజుల కాలమంతయు స్వర్ణయుగమని వ్రాయుట మనలో కొన్నాళ్లు సాగినది. పిదప పరిశోధకులు శాసనమును శాసనముతో పోల్చి, నేలను చూచి, నిజమును వేఱు చేయ నేర్చుకొనిరి. ఈ విమర్శబుద్ధినే నేటి ప్రభుత్వ పథకములయెడ గూడ చూపవలసియున్నది. పలకను చూచి చప్పట్లు కొట్టుటయు, పలకను చూచి నవ్వుటయు రెండును సులభమైన పనులే. చెఱువును చూచి చెప్పుట కష్టము. ఆ కష్టమైన పనికి దారి యెట్టిదో ఆలోచించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఈ చెఱువు లేల పుట్టెనో తెలిసికొనవలెను. ఓరుగల్లు గోదావరికిని కృష్ణకును నడుమనున్న మెట్టనేల. పాఖాల చెఱువునుండి వెడలిన నీరు మున్నేటి ద్వారా కృష్ణను చేరును; రామప్ప, లక్నవరము చెఱువుల నీరు గోదావరి పాలగును. నగరముచెంత జీవనది లేదు. అడుగున గట్టి రాయి, పైన పలుచని నేల, ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే వాన. ఇట్టి నేలలో కురిసిన నీటిని కురిసినచోటనే నిలుపనిచో అది వాగులలో పాఱి, ముప్పది దినములలో కనబడకుండ పోవును. కావుననే కాకతీయులు నేలవాలు చూచి, రెండు గుట్టల నడుమ కట్ట వేసి, వాగులను చెఱువులుగా మార్చిరి. మొదటి ప్రోలరాజు కేసరితటాకమును త్రవ్వించెను. గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను. ఆ కాలమున సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో ఆలయమును, చెఱువును నిర్మించెను. ఆ ఆలయ శాసనము 1213 నాటిది. పాఖాల చెఱువును జగదాల ముమ్మడి కట్టించెను. గణపతిదేవుని చెల్లెలు మైలాంబ బయ్యారములో చెఱువు కట్టించి వేయించిన శాసనము కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు మనకు ముఖ్యాధారమైనది. రాచకుటుంబపు స్త్రీ తన పేర చెఱువు నిలిపి తన వంశచరిత్రను దాని కట్టపై వ్రాయించెనని మన గృహిణులు గుర్తింపదగును.

ఈ చెఱువులు ఒంటరివి కావు. మీది చెఱువు నిండి మత్తడి దూకిన నీరు ఒఱ్ఱెలగుండ, పాటుకాలువలగుండ దిగువ చెఱువునకు పోవును. అది నిండి మఱియొకదానికి పోవును. అందుచేతనే మనవారు వీనిని గొలుసుకట్టు చెఱువులనిరి. గొలుసులో ఒక కడియము తెగినచో తక్కినవి గొలుసు కావు. చెఱువునకు ప్రాణము కట్టలో నున్నదని తలచువారు సగమే యెఱుగుదురు. మిగిలిన సగము ఆ చెఱువునకు నీరు తెచ్చు వాగులోను, దానినుండి నీరు కొనిపోవు కాలువలోను కలదు.

శాసనములలో ప్రశస్తిని దాటి చదివినవారికి మఱియొక విషయము కనబడును. చెఱువు కట్టించుట సప్తసంతానములలో నొకటి యని మన పూర్వులు నమ్మిరి. కాని పుణ్యముమీదనే చెఱువు నిలువదని గూడ వా రెఱుగుదురు. చెఱువు కట్టినవారికిని, చెడినదానిని బాగుచేసినవారికిని, దాని క్రింద సాగగు భూమిలో గాని పంటలో గాని పదియవ పాలు దశబంధమను పేర ఇచ్చెడివారు. చెఱువు బాగుగా నున్నంతకాలము ఆ పాలు ముట్టును. చెఱువు చెడినచో దాత కుటుంబమునకే నష్టము. నీరు కట్టి విడుచు నీరటికానికి మాన్యమో, పంటలో మేరయో కలదు. అనగా చెఱువు కట్టిననాడే దాని మరుసటి నూఱేండ్ల ఖర్చును ఎవరు భరింపవలెనో నిర్ణయింపబడినది. నేటి మన పథకములలో తఱచుగా లోపించు నంశ మిదియే.

మఱియొక సాక్ష్యము కడప జిల్లాలోని పోరుమామిళ్లలో కలదు. విజయనగర రాజైన బుక్కరాయని కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మఱియొక పేరు గలవాడు, 1369లో అక్కడి చెఱువుకట్టపై నొక శాసనము నిలిపెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పని చేసిరని అందున్నది. అంతటితో నిలువక, మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములును అది లెక్కించినది. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, చెఱువునడుమ మిట్ట, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమగుట, సాగుభూమి స్వల్పమై నీరు విస్తారమగుట – ఇవి యా ఆఱు దోషములు. తాను చేసిన పనిని ప్రజ లేకొలతతో కొలువవలెనో ఆ కొలతనుగూడ రాతిపై చెక్కించి యిచ్చిన శాసనమిది. ఆఱువందల యేబది యేండ్లు దాటినను మన పథకముల పలకలమీద ఇట్టి కొలత కానరాకపోవుట విచారింపదగిన విషయము.

అయితే పూర్వకాలమంతయు నిర్దోషమని నేను చెప్పుట లేదు. మట్టి మోసిన వడ్డెరల పేర్లు ఏ శాసనమునను లేవు. రాత్రివేళ వానలో తూమువద్ద కాపున్న నీరటికాడు ఊరికి నీ రిచ్చువాడే యైనను ఊరిలో నతని స్థానము ఎక్కడనో చదువరు లెఱుగుదురు. నీటివంతు కులమును, బలమును అనుసరించి నడచినచోట్లు కొల్లలు. పాత చెఱువును మఱల నిలుపుదము. పాత అన్యాయమును మఱల నిలుప బనిలేదు.

1323లో కాకతీయ రాజ్యము పడిపోయెను, చెఱువులు పడిపోలేదు. ఊరివా రుపేక్షింపనంతకాలము అవి నిలిచినవి. ప్రభుత్వము వీని నొక పద్ధతిగా బాగుచేయ బూనుట మన దేశమున ఆధునిక కాలపు సంగతి. 1876–78 నాటి మహాక్షామము తరువాత, 1883లో మద్రాసు ప్రభుత్వము చెఱువుల పునరుద్ధరణ పథకము నారంభించినది. ఒక్కొక చెఱువును కొలిచి, నీరు పాఱివచ్చు నేల యెంత, పట్టు నీరెంత, కట్ట యెత్తెంత, మత్తడి పొడవెంత అని వివరపత్రములు సిద్ధపఱచిరి. పని మందగతిని సాగినను, ఆ పత్రములవలన తరువాతి ఇంజనీరునకు ముందటి స్థితి తెలియుచుండెడిది. నిజాము రాజ్యమున నింతకంటె కఠినమైన పాఠము వరదరూపమున వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినపుడు, ఎగువనున్న చెఱువులు అనేకము ఒకదాని వెంట నొకటి తెగి వరదను పెంచెనని విశ్వేశ్వరయ్యగారు పరిశోధించి తెలిపిరి. గొలుసు కట్టినపుడు మేలును గొలుసుగానే వచ్చును, కీడును గొలుసుగానే వచ్చును.

పిదప నూఱేండ్లలో వచ్చిన మార్పులు పెక్కు మంచివే. 1949లో జాగీర్లు రద్దయినవి. 1984లో పటేలు పట్వారీల వంశపారంపర్యాధికారము తొలగినది. ఇవి జరుగవలసిన సంస్కారములే. వానికై మనవారు పోరాడిరి. కాని చెఱువు బాధ్యత మోసిన పాత చేతులు తొలగినపుడు, క్రొత్త చేతులను సిద్ధపఱచువా రెవ్వరును లేకపోయిరి. చెఱువు సర్కారుదైనది, సర్కారుదైనందున ఎవ్వరిదియు గాకపోయినది. ఇంతలో బోరుబావులు వచ్చినవి. ధనము గల రైతు తన పొలములో తానే నీరు తీసికొన గలిగినపుడు, చెఱువు పూడిక గూర్చి ఊరివారితో కలిసి కూర్చుండవలసిన అక్కఱ యతనికి లేకపోయినది. కట్టపై సర్కారుతుమ్మ పెరిగినది. అడుగున నీరు నింపు చెఱువు పూడిపోగా బావులును ఎండినవి. బావి వెంట బావి త్రవ్వి అప్పుపాలై, 1997–98లో పత్తిపంట పోయినపుడు ఓరుగంటి జిల్లా రైతులు ప్రాణములు తీసికొన్న సంగతి దేశమంతయు నెఱుగును. ఆ మరణములకు కారణములు పెక్కు. ఎండిన నేల వానిలో నొకటి. కావున చెఱువుల మాట పురాతన వస్తుప్రియుల వేడుక కాదు.

ప్రభుత్వములు ఊరకున్నవని గూడ చెప్పరాదు. 1997లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శాసనము చేసి పదివేలకు మించిన నీటివినియోగదారుల సంఘములను స్థాపించినది. 2000లో నీరు–మీరు అను కార్యక్రమము వచ్చినది. 2007లో ప్రపంచబ్యాంకు ఋణముతో మూడువేల చెఱువులను ఊరివారిచేతనే బాగుచేయింపదలచిన పథకము వచ్చినది. ప్రతిదానిలోను మంచి యున్నది. కాని సంఘములలో సభ్యత్వము పట్టాభూమి ననుసరించి వచ్చుటచే, పొలములో నాటు వేయు స్త్రీకి, చేపలు పట్టువానికి, బట్టలుతుకువానికి అందు మాట లేకపోయినది. కాలక్రమమున ఎన్నికలు నిలిచి సంఘములు నామమాత్రములైనవి. ఇంతకంటె విచారకరమైన దేమనగా, ప్రతి క్రొత్త పథకమును తనకు ముందేదియు జరుగనట్లే మొదలైనది. ముందటిది ఎక్కడ ఫలించెను, ఎక్కడ తప్పెను అని అడిగినవారు తక్కువ.

తెలంగాణ రాష్ట్రము 2014లో ఏర్పడిన పిదప వచ్చిన మిషన్ కాకతీయ వీని యన్నిటికంటె పెద్దది. ఓరుగంటి రాజుల పేరు పెట్టుకొన్న యీ పథకము 2015 మార్చి 12న నిజామాబాదు జిల్లా సదాశివనగరములో ఆరంభమైనది. రాష్ట్రములో 46,531 చిన్ననీటి వనరులను లెక్కించి, ఏడాదికి అయిదవ వంతు చొప్పున అయిదేండ్లలో అన్నింటిని బాగుచేయవలెనని సంకల్పించిరి. పూడిక తీయుట, కట్ట బలపఱచుట, తూములు, మత్తళ్లు, కాలువలు సరిచేయుట ఇందలి పనులు. ప్రభుత్వపు లెక్కల ప్రకారము నాలుగు దశలలో ఇంచుమించు 27,000 చెఱువుల పని జరిగినది. ఇందు ప్రశంసింపదగినది ముఖ్యముగా నొకటి కలదు. పూడికమట్టిని యంత్రములతో త్రవ్వు ఖర్చు ప్రభుత్వము భరింపగా, దానిని తమ పొలములకు తోలుకొనిపోవు ఖర్చు రైతులే భరించిరి. ఒండ్రుమట్టి యొక్క విలువను రైతునకు ఎవ్వరును బోధింపవలసిన పని లేకపోయినది. ట్రాక్టరులు వరుసగా చెఱువులోనికి దిగిన దృశ్యము ఊళ్లకు చాలకాలము తరువాత కలిగిన ఉమ్మడి ఉత్సాహము. చెఱువు మనదన్న మాట మఱల వినబడినది. దీనిని తక్కువగా చూచుట అన్యాయము.

ఇక ఫలము మాట. ఇచ్చటనే తొందరపాటు పనికిరాదు. మొదటి దశ పని జరిగిన 2015–16లో రాష్ట్రమున తీవ్రమైన అనావృష్టి. 231 మండలములు కఱవు మండలములుగా ప్రకటింపబడినవి. పూడిక తీసిన చెఱువులు గూడ ఎండియే యున్నవి. ఆ యేటి చెఱువులను మాత్రమే చూచినవారు పథకము వ్యర్థమని చెప్పియుందురు. 2016 సెప్టెంబరులో గొప్ప వానలు కురిసినవి. చెఱువులు నిండి మత్తళ్లు దూకినవి. ఆ నెల చూచినవారు పథకము దివ్యమని చెప్పిరి. రెండు మాటలును వానను గూర్చినవే గాని పథకమును గూర్చినవి కావు. ఆ తరువాత దేవాదుల ఎత్తిపోతల నీరు, శ్రీరామసాగరపు కాకతీయ కాలువ నీరు పెక్కు చెఱువులలోనికి వచ్చినవి. 2018 జనవరి మొదలు పొలములకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. ఇన్ని కారణములు కలిసి వరిసాగు పెరిగినపుడు, ఇందు పూడిక తీసిన ఫల మెంతయో తెలియవలెనన్న ఉపాయ మొక్కటే. ఒకే వాన కురిసిన చోట బాగుచేసిన చెఱువును, బాగుచేయని చెఱువును ప్రక్కప్రక్కన బెట్టి కొన్నేండ్లు చూడవలెను. నాబార్డు వారి సలహాసంస్థ మొదటి దశను పరిశీలించి భూగర్భజలము, దిగుబడి పెరిగినవని తెలిపినది. మంచిదే. ఒక దశను ఒకమాఱు చూచుటతో ఆగక, పదియేండ్ల పిదప ఆ చెఱువులనే మఱల చూడవలసియున్నది. పూడిక ఒకనాటిది గాదు గదా, ఏటేట వచ్చునది.

ఈ లోపము మనదే యని కుందనక్కఱలేదు. అమెరికాలో నదులను, సెలయేళ్లను పునరుద్ధరించు పనులకు 1990 తరువాత ఏటేట నూఱు కోట్ల డాలర్లకు పైగా వెచ్చించిరి. ఎమిలీ బెర్న్‌హార్ట్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును 37,000కు పైగా నట్టి పనుల వివరములు కూర్చి 2005లో ప్రకటించిరి. పని జరిగిన తరువాత ఏమైనదో చూచినట్లు దాఖలా గలవి వానిలో నూటికి పది మాత్రమే. ధనవంతమైన దేశమునందును పలక నాటుటయే ముగింపైనదన్నమాట. ఆ దేశమందే మేలైన యుదాహరణమును గలదు. ఫ్లారిడాలో వంకరలు తిరుగుచు పాఱు కిస్సిమ్మీ నదిని 1962–71 నడుమ తిన్నని కాలువగా మార్చిరి. చిత్తడినేలలు, పక్షులు నశించినవి. తప్పు తెలిసికొని, 1999 మొదలు 2021 వఱకు కాలువను పూడ్చి నదిని పాత వంకరలలోనికి మరల్చిరి. పని మొదలుపెట్టుటకు ముందే అక్కడి చేపలను, పక్షులను, నీటిలోని ప్రాణవాయువును లెక్కించి యుంచుకొనిరి. ముందు లెక్క యున్నందున తరువాతి లెక్కకు అర్థము కలిగినది. మద్రాసు వారి వివరపత్రములకును, పోరుమామిళ్ల రాతికిని ఇది దూరపు చుట్టమే.

ఇప్పుడు మరల గొలుసు మాటకు వత్తము. పథకములు చెఱువులను ఒక్కొక్కటిగా లెక్కించినవి. అంచనాలు, గుత్తలు, బిల్లులు అన్నియు చెఱువు పేరనే. నియోజకవర్గమున కొక చెఱువుకట్టను విహారస్థలముగా తీర్చిదిద్దిరి. దీపములు, పూలమొక్కలు, కూర్చుండుటకు బల్లలు వచ్చినవి. ఇవి ప్రజలకు సంతోషము కలిగించునవే. అయితే కట్టపై దీపము పెట్టినవారు కట్టకు ఎగువనున్న వాగు ఎక్కడ పూడిపోయెనో, దిగువనున్న కాలువపై ఎవరు ఇండ్లు కట్టిరో అంతే శ్రద్ధతో చూచినారా? పూస మెఱసినది, దారము తెగినది.

దారము తెగిన ఫలమును ఓరుగల్లు నగరమే అనుభవించినది. 2020 ఆగస్టులో వానలకు నగరములోని కాలనీలు పెక్కు దినముల తరబడి నీట మునిగినవి. చెఱువునుండి చెఱువునకు నీరు పోవు నాలాలు ఆక్రమణములతో ఇఱుకైనందున నీరు వీధులలోనికి వచ్చినది. హనుమకొండలోని నయీంనగరు నాలాను వెడల్పు చేయవలసిన పని ఆ తరువాత తటస్థించినది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. ఆ దినములలోనే మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామము నీటిపాలైనది. జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి, దక్కించుకొనలేనివారు పోయిరి. ఆ నెలలోనే నగరమందలి భద్రకాళి చెఱువుకట్టకు గండి పడినది. 2024 సెప్టెంబరు మొదట ఆకేరు, మున్నేరు పొంగినపుడు, పేరులోనే సముద్రమును నిలుపుకొన్న కేసముద్రముచెంత రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. అంతటి వానకు ఏ ప్రభుత్వమును పూర్ణబాధ్యత వహింపజాలదు. కాని అంతటి వాన వచ్చినపుడే గొలుసు నిజముగా నున్నదో లేదో తెలియును. బాగుచేసిన చెఱువులు గూడ తెగెనా, తెగినచో ఎందువలన? కట్ట బలహీనమా, మత్తడి చాలదా, ఎగువ చెఱువు తెగి దీనిపై పడెనా? ప్రతి గండియు ప్రశ్నాపత్రమే. గండి పూడ్చి బిల్లు వ్రాయుటతో ఆ ప్రశ్నలుకూడ పూడిపోవుచున్నవి.

భద్రకాళి చెఱువు గూర్చి ఒక మాట. 2015లో కేంద్ర ప్రభుత్వము వారసత్వ నగరముల పథకములో ఓరుగల్లును చేర్చిన పిదప ఆ చెఱువుకట్ట సొగసుగా తీర్చబడినది. 2024 నవంబరులో పూడిక తీయుటకై ఆ చెఱువు నీటిని విడిచిపెట్టిరి. ముందు సొగసు, పిదప గండి, ఆ పిదప పూడిక – వరుస తలక్రిందులైనదని చెప్పుటకు ఇంజనీరు కానక్కఱలేదు.

ఇచ్చట చదువరులతో కొంచెము నిష్ఠురముగా మాటాడవలసియున్నది. ప్రభుత్వమును విమర్శించు మనము మన పాత్రను మఱవరాదు. శిఖము భూమిని ఆక్రమించినవా డెవడో దొంగ యని మనము తలచుచున్నాము. ఆ భూమిని ప్లాటులుగా కోసినపుడు కొనువా రెవరు? చదువుకొన్న ఉద్యోగులు, ఉపాధ్యాయులు, మనవంటి గృహస్థులు. వేసవిలో చూచి చవుకగా వచ్చినదని కొని, ఇల్లు కట్టి, గృహప్రవేశము చేసి, వానకాలమున నీరు వచ్చినపుడు మునిగితిమని మొఱపెట్టుచున్నాము. నీరు మన యింటికి రాలేదు. మనమే నీటి యింటికి పోతిమి. చెఱువులను, వాగులను కాపాడుటకు 2002లోనే నీరు, భూమి, చెట్ల రక్షణ శాసనము వచ్చినది. శాసనము కాగితముపై నున్నది; పూర్తి నీటిమట్టపు హద్దురాళ్లు నేలపై నుండవలెను. అమ్మాయి పెండ్లికని, అబ్బాయి చదువుకని స్థలము కొనదలచిన గృహిణి, ధర అడుగుటకు ముందు ఆ స్థలము ఏ చెఱువు శిఖములో నున్నదని అడిగినచో, పది శాసనములు చేయలేని మేలు జరుగును.

మఱి పథకముల మంచిచెడ్డలను మన మేవిధముగా కొలువవలెను? నాకు తోచినంతవఱకు అయిదు ప్రశ్నలు చాలును. చెఱువులో నీరు బాగుచేయుటకు ముందు ఎన్ని నెలలు నిలిచెడిది, అంతే వానకు ఇప్పుడు ఎన్ని నెలలు నిలుచుచున్నది? ఆయకట్టులో కడపటి మడికి నీరు అందుచున్నదా, తూముదగ్గఱి మడులకే చాలుచున్నదా? నీరు తెచ్చు పాటుకాలువయు, మత్తడినీరు పోవు ఒఱ్ఱెయు తెఱపిగా నున్నవా? పని ముగిసిన మూడవ యేట కట్టపై తుమ్మ కొట్టువారెవరు, తూము మరమ్మతునకు ధన మెక్కడనుండి వచ్చును? చెఱువు బాగుపడుటవలన పట్టాదారునకు గాక, కౌలురైతునకు, బెస్త, ముదిరాజు, చాకలి కుటుంబములకు, కూలిస్త్రీలకు ఏమి దక్కినది? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పగల పథకము ఎవరు చేసినను మంచిదే. చెప్పలేనిది ఎంత ఖర్చుతో చేసినను అసంపూర్ణమే.

ఉత్తరము చెప్పుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. తూముగోడపై అడుగుల గుఱుతులు వేసి, వారమున కొకమాఱు ఊరిబడి పిల్లలచేత నీటిమట్టము వ్రాయింపవచ్చును. గ్రామపంచాయతీలో ఒక చెఱువు పద్దుపుస్తక ముండవలెను. వాన యెంత, నీరెంత, సాగెంత, మరమ్మతు లెవ్వి, ఖర్చెంత అని అందు వ్రాసి యేడాది కొకమాఱు గ్రామసభలో చదువవలెను. నీరటికాని పనికి కులముతో సంబంధము లేక, నెలజీతముతో, గౌరవముతో స్త్రీగాని పురుషుడుగాని నియమింపబడవలెను. దశబంధమునకు బదులు, చెఱువు చేపల రాబడిలోను పంచాయతీ రాబడిలోను కొంత భాగము ఏటేట దాని మరమ్మతునకే కేటాయింపవలెను. పూర్వుల పద్ధతి మరల తేబనిలేదు. కట్టిననాడే కాపును ఏర్పఱచిన వారి బుద్ధి తెచ్చిన చాలును.

రామప్ప యాలయము 2021 జూలైలో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినపుడు మనమందఱము గర్వించితిమి. ఆ యాలయము చెంతనున్న చెఱువు ఎనిమిదివందల యేండ్లుగా పొలములకు నీరిచ్చుచున్నది. దానికి ఏ రేకుపలకయు ఇంత కీర్తి తేలేదు; ప్రతి తరములోను ఎవరో ఒకరు తూము చూచినందున, కట్ట త్రొక్కినందున అది నిలిచినది. వారి పేర్లు మన కెఱుక లేవు. రాబోవు వానకాలము వెళ్లిన పిదప, ఒక ఆదివారమునాడు పిల్లలను వెంటబెట్టుకొని మీ ఊరి చెఱువుకట్టపైకి పొండు. పలకను చదివి, కట్ట దిగి, కడపటి మడి దున్నువానిని నీరు వచ్చినదా అని అడుగుడు. అతడు చెప్పినది ఒక పుస్తకములో వ్రాసి, తేదీ వేసి పంచాయతీకిండు. పద్దుపుస్తకములో మొదటి పుట యదియే యగును.